ఎడమ భుజానికి మార్చిన కార్బైన్

మా మామయ్య పోయాడని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున తెలిసింది. వర్జీనియా రాష్ట్రం హెర్న్‌డన్‌లో మా ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపుతుంటే అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మామయ్య వెళ్ళిపోయాడురా. స్టోర్ తెరిచే ఉంది. కస్టమర్లు వచ్చి పోతున్నారు. ముందు ఏం చెయ్యాలో తెలీడం లేదు" అంది. ఏడవలేదు. తాళం వేసెయ్యమని, మధ్యాహ్నం ఫ్లైట్‌కి వస్తానని చెప్పాను.  దుఃఖం కంటే ముందు అలసట వచ్చింది. ఈ ఫోన్ ఎప్పుడో వస్తుందని నాలుగేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. జార్జియాలో కమ్మింగ్ ఊరి బయట గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని చిన్న స్టోర్ నడిపాడు. నేను హెచ్ వన్ బి వీసా మీద కొత్తగా వచ్చినప్పుడు రెండేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. మాటలు తక్కువ మనిషి. పొద్దున్నే పంపులన్నీ తడిగుడ్డతో తుడిచేవాడు. కాఫీ మెషీన్ ఇంకొకరిని కడగనిచ్చేవాడు కాదు.

నేను వచ్చిన మొదటి చలికాలంలో, పట్టపగలు, ఇద్దరు మనుషులు స్టోర్‌లోకి వచ్చి ఆయన్ని కింద పడేసి కొట్టి, గల్లాపెట్టె ఊడ్చుకుపోయారు. దెబ్బలు మానాయి. కానీ తలుపు గంట మోగితే ఉలిక్కిపడడం పోలేదు. సిగరెట్ పెట్టెలు తియ్యడానికి వెనక్కి తిరగలేకపోయేవాడు. అమ్మేసి ఊళ్ళోకి పోదామంది అత్తయ్య. "పదిహేనేళ్ళు నిలబడ్డ చోటు. వాళ్ళిద్దరి కోసం వదిలిపెట్టాలా?" అన్నాడాయన. ఆ వారంలోనే కార్బైన్ కొన్నాడు. పిస్టల్ తూటాలే వాడే పొట్టి రైఫిల్ అది. చవక రకం, నల్ల ప్లాస్టిక్, చూడ్డానికి మోటుగా ఉండేది.

అత్తయ్య ఒక షరతు పెట్టింది. "పాతిక గజాల దూరం నుంచి పేపర్ ప్లేటు కొట్టి చూపించు. కొడితే స్టోర్ ఉంచుకో. లేదంటే ఎండాకాలానికల్లా అమ్మకానికి పెడదాం."

ప్రతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని షూటింగ్ రేంజ్‌కి వెళ్ళేవాడు. ప్లేటు చుట్టూ మట్టి లేచేది గాని ప్లేటుకు ఏమీ అయ్యేది కాదు. తప్పు తుపాకీదే అనుకున్నాడు. అక్కణ్ణించి వారానికో పార్సిల్ రావడం మొదలైంది. ఎర్రచుక్కతో గురి చూపించే అద్దం, వేరే పిడి, భుజానికి ఆనే స్టాక్, దాని వెనక రబ్బరు మెత్త. డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి కూర్చునేవాడు. నాకు గ్రీన్ కార్డ్ లేదు కాబట్టి తుపాకీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "లేనిపోని కేసు నీకెందుకు? నువ్వు మరలు అందించు చాలు" అనేవాడు. ప్రతి మరనీ ముందు వేళ్ళతో మూడు చుట్లు తిప్పి, సాఫీగా దిగుతోందని తెలిశాకే స్క్రూడ్రైవర్ అందుకునేవాడు. ఇప్పటికీ ఇంట్లో ఏది బిగించినా నేనూ అలాగే చేస్తాను.

"కంపెనీ వాడు నన్ను చూసి చేశాడా? ఎవడో సగటు మనిషిని ఊహించుకుని చేశాడు. మనకి సరిపోయేట్టు మనమే చేసుకోవాలి" అనేవాడు. అత్తయ్య వంటింట్లోంచి, "దానికి ఇన్ని నగలు చేయించావు. నా మెళ్ళో ఒక్కటైనా పెరిగిందా?" అనేది. ఆయన నవ్వేవాడు కాదు. మార్చి దాటింది. ప్లేటుకు ఒక్క చిల్లు పడలేదు.

రేంజ్ నడిపే ముసలాయన అమెరికన్. మూడు నెలలు చూసి చూసి ఒక రోజు దగ్గరికొచ్చాడు. తుపాకీ పక్కన పెట్టించి, రెండు చేతులూ చాపి అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, అందులోంచి ప్లేటును చూడమన్నాడు. చూపు వదలకుండా చేతులు మొహం దాకా తెచ్చుకోమన్నాడు. చేతులు వచ్చి ఎడమ కంటి దగ్గర ఆగాయి. ఇంకోసారి చేయించాడు. మళ్ళీ ఎడమ కన్నే.

"నువ్వు చూసేది ఈ ఎడమ కంటితో. కాల్చేది ఆ కుడి భుజం మీంచి. ఇక సామాన్లు కొనడం మానెయ్" అన్నాడు ముసలాయన.

 తిరిగి వస్తుంటే దారిలో మామయ్య, "చిన్నప్పుడు నాది ఎడమచేతి వాటం" అన్నాడు. అన్నానికి కూర్చున్నప్పుడల్లా మా తాతయ్య ఆ చేతిని తువ్వాలుతో మంచం కోడుకు కట్టేసేవాడట. పలక పట్టినా అంతే. ఏడాది తిరిగేసరికి కుడిచేతికి మారాడట. కోపంగా చెప్పలేదు. ఇంటికెళ్ళాక అత్తయ్య విని, "ఇన్నేళ్ళు కాపురం చేశాను, నాకే తెలీదు" అంది.

రెండు వారాలు రేంజ్‌కి పోలేదు. మూడో వారం మళ్ళీ దుప్పటి పరిచాడు. కుడిచేతి వాళ్ళకు వీలుగా ఒక పక్క ఉబ్బుగా ఉన్న పిడి తీసి, రెండు వైపులా ఒకేలా ఉన్నది పెట్టాడు. ఎడమ భుజం మీంచి కాలిస్తే తూటాల ఖాళీ తొడుగులు వేడివేడిగా కుడి పక్కకు ఎగిరి ముఖానికి తగులుతాయని, వాటిని ముందుకు మళ్ళించే చిన్న ముక్క బిగించాడు. స్టాక్ పొట్టి చేశాడు. ఒక్కొక్కటీ మార్చి, ఎడమ భుజానికి ఆనించి చూసుకుని, దించేవాడు. ఆ ఎండాకాలం ఒక ఆదివారం ప్లేటు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. అత్తయ్య చిల్లుల్లోంచి కిటికీ వైపు చూసి, "సరే, ఉంచుకో" అంది.

ఆ కార్బైన్ ఎవరి మీదా పేలలేదు. కౌంటర్ వెనక బీరువాలో తాళం వేసి ఉండేది. అవసరం వస్తే తాళం తీసే టైమ్ ఉండేదా అంటే నాకు తెలియదు. ఆయనకు మాత్రం వెనక్కి తిరిగి సిగరెట్ పెట్టెలు తియ్యడం మళ్ళీ వచ్చింది.

నాలుగేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. కాలు కొంత కోలుకుంది. కుడి చెయ్యి తిరిగి రాలేదు. అప్పటికి నేను వర్జీనియా వచ్చేశాను, గ్రీన్ కార్డూ వచ్చింది. చూడ్డానికి వెళితే బీరువా తాళం ఇచ్చాడు. "అన్నీ ఊడదీసి కంపెనీ నుంచి వచ్చినట్టు చెయ్యి. అమ్మేద్దాం. కొనేవాడి భుజం ఎట్లాంటిదో నాకేం తెలుసు?" అన్నాడు. "కార్డ్ ఉందిగా, ఇప్పుడు ముట్టుకో" అని కూడా అన్నాడు. స్టోర్ నుంచి ఇంటికి తెచ్చి పట్టుకుంటే కార్బైన్ అనుకున్న దానికంటే బరువుగా ఉంది. ఆయన మంచం మీంచి చూస్తుంటే అన్నీ ఊడదీయడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

స్టోర్‌కి మాత్రం వెళ్ళనన్నాడు. "ఎడం చేత్తో జనానికి ఎట్లా ఇస్తాను?"

"తుపాకీ పట్టుకోడానికి లేని తప్పు కాఫీ ఇవ్వడానికొచ్చిందా?" అంది అత్తయ్య.

"తుపాకీ ఎవరికీ ఇవ్వలేదుగా" అన్నాడు.

స్టోర్ అమ్మే మాట మళ్ళీ వచ్చింది. ఆ మాట విన్న రెండు నెలలకు కర్ర పట్టుకుని వెళ్ళి కౌంటర్ వెనక స్టూల్ మీద కూర్చున్నాడు. అమెరికన్లకు ఎడమ చేత్తోనే ఇచ్చేవాడు. మనవాళ్ళెవరైనా వస్తే వస్తువు కౌంటర్ మీద పెట్టి వాళ్ళ వైపు నెట్టి, చెయ్యి కిందికి దాచుకునేవాడు. వాళ్ళు ఏమీ అనుకునేవారు కాదు. ఆయనే అనుకునేవాడు.

తర్వాతి వేసవిలో నేను వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ వచ్చింది. గుంటూరు వైపు యాస. దగ్గు బిళ్ళలు అడిగింది. మామయ్య నాలుగు బిళ్ళలు కౌంటర్ మీద పెట్టి ఆమె వైపు నెట్టాడు. ఆమె తీసుకోలేదు. చెయ్యి చాపి నిలబడింది.

"చేతిలో పెట్టు నాయనా. నా వేళ్ళకు అవి చిక్కవు."

"ఈ చెయ్యి పని చెయ్యదమ్మా. ఎడం చెయ్యి..."

"ఏదైతే ఏంలే, పెట్టు. బయట కారు ఇంజన్ ఆపకుండా కాచుకున్నాడు మావాడు, నన్ను తిడతాడు."

మామయ్య నా వైపు చూశాడు. నేను ఫ్రిజ్ వైపు తిరిగాను. దాని అద్దం తలుపులో కనిపిస్తూనే ఉంది. ఆయన బిళ్ళలు ఒక్కొక్కటీ ఏరి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె గుప్పిట మూసుకుని, భుజంతో తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. గంట మోగి ఆగింది. ఆయన ఎడమ చెయ్యి కిందికి పోకుండా, కౌంటర్ మీదుగా చాచింది చాచినట్టే, ఖాళీగా ఉండిపోయింది.