జయానందం చెవి

మెకానిక్ జయానందం గొప్పంత చెవిలనే ఉన్నదని మెదక్‌ల అందరి మాట. రామాయంపేట రోడ్డు మీద ఆయన షెడ్డు. ముప్పై ఏండ్ల సంది బండి ఏదైనా గంతే: బానెట్ లేపుడు, ఇనుప రాడ్డు ఒక కొన ఇంజన్‌కు, ఇంకో కొన చెవికి పెట్టుడు, కండ్లు మూసుకొని "మూడో సిలిండర్" అనుడు. శివ్వంపేట నుంచి సుత బండ్లు తెస్తరు. ఆయన ల్యాప్‌టాప్ కొన్నంక గూడ జనం నమ్మేది ఆ రాడ్డునే.

గా చెవి మెల్లమెల్లగ పోయింది. ఎడమది పూరా, కుడిది సగం మీద. రెండు నెలల కింద దవాఖానల డాక్టర్ కాయితం మీద రాసి చూపించిండు. జయానందం చదివిండు, షెడ్డుకొచ్చి ఎవల్దో బండికి బ్రేకులు బిగించిండు. ఏడుపు రాలే, కోపం రాలే. మనిషి మొద్దుబారిండు, గంతే. ఎవలికీ చెప్పలే, పెండ్లాం యేసమ్మకు సుత. మెకానిక్‌కు వినబడదని తెలిసినంక బండి ఎవడు తెస్తడయ్యా? పెదవులు చూసుకుంట, తల ఊపుకుంట దినాలు ఎల్లదీస్తుండు.

గప్పుడొచ్చిండు అల్లాదుర్గ్‌ల ఎరువుల దుకాణం నడిపే రత్నాకర్. ఆయనది టర్బో పెట్రోల్ కారు. ఇంకింత బలం కావాలంటే నెల కింద జయానందమే ట్యూన్ చేసిచ్చిండు. ఇప్పుడేమో ఇంజన్ తిరుగుడు మూడున్నర వేల ఆర్‌పీఎం కాడ ఎవలో పట్టి గుంజినట్టు బండి సల్లబడుతున్నది.

"పిస్టన్ పోయిందంటున్నరు అన్నా. జర నువ్వు విని చెప్పు," అని కారు ఇడిసిపెట్టి పోయిండు.

ఇంజన్‌కు గూడ ఒక చెవి ఉంటది, నాక్ సెన్సార్ అంటరు. లోపల పెట్రోల్ అడ్డదిడ్డంగ పేలి టకటక కొట్టుడే నాక్; కొడితే అది బండిల ఉండే కంప్యూటర్‌కు చెప్తది. కంప్యూటర్ పిస్టన్ను కాపాడనీకి స్పార్క్‌ను ఆలస్యం చేస్తది, బలం తగ్గుతది. జయానందం బండిని రోడ్డెక్కించి ల్యాప్‌టాప్‌ల చూసిండు. స్పార్క్ టైమింగ్ ఏడు డిగ్రీలు వెనక్కి పోతున్నది. మంచి పెట్రోల్ పోసిండు, గదే ఏడు. ప్లగ్గులు మార్చిండు, గదే. లోపలికి పోయే గాలి సల్లగనే ఉన్నది. ఆ గాలిని లోపలికి నూకే టర్బో ఒత్తిడి తగ్గించిండు. నిజంగ లోపల కొడుతుంటే అప్పుడన్న తగ్గాలె. తగ్గలే.

అంటే బయట ఏదో వదులై అదురుతుంటే సెన్సార్ దాన్నే నాక్ అనుకుంటుండొచ్చు. కాకపోవచ్చు గూడ. సెన్సార్ మాట పట్టించుకోకని కంప్యూటర్‌కు చెప్పినంక రేపు అది నిజంగనే నాక్ అయితే పిస్టన్ పగిలి చేతికొస్తది. చప్పుడు యాడనో చెవితోనే వినాలె. రెండు దినాలు రాడ్డు పెట్టి చూసిండు. దవడకు అదురు తెలిసింది, చప్పుడు తెల్వలే.

మూడోనాడు మధ్యాహ్నం యేసమ్మ అన్నం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి మాటా పలుకూ లేకుంట మళ్లింది. ఏడాది సంది గిట్లనే. జయానందం పోయి ఆమె చెయ్యి పట్టుకున్నడు.

"కొంగు దోపుకో. గీ రాడ్డు చెవికి పెట్టి జర ఇను."

ఆమె ఎగాదిగా చూసి కొంగు దోపుకున్నది. ఇంజన్ మీద నాలుగు తావుల సుద్దతోని గుర్తులు పెట్టి, ఆయన పోయి ఆక్సిలేటర్ తొక్కి పట్టిండు. ఆమె ఒక్కొక్కటే వినుకుంట పోయింది. దిగొచ్చి ఆమె మొకానికి ఎదురుంగ నిలబడ్డడు.

"మూడింటి కాడ ఉత్త హోరే. నాలుగో కాడ అన్నం గిన్నె మీద మూత కొట్టుకున్నట్టున్నది."

నాలుగోది టర్బో వేడికి అడ్డం పెట్టే రేకు. దాని బోల్ట్ వదులుగున్నది. ట్యూన్ చేసిననాడు తనే విప్పి తనే బిగించిన బోల్ట్ అది. ఆనాడు రేకు గలగలమన్నా తనకు వినబడలే. గట్టిగ బిగించి రోడ్డు మీద తిప్పితే టైమింగ్ ఒక్క డిగ్రీ సుత వెనక్కి పోలే.

రత్నాకర్ వచ్చి కారు నడిపి చూసి, "చెవంటే నీదే అన్నా," అన్నడు. జయానందం తల ఊపిండు. యేసమ్మ ఆయన దిక్కే చూసుకుంట నిలబడ్డది. కారు పోయినంక అడిగింది.

"నీకు వినబడుతలేదా?"

"లేదు."

"ఎన్నడి సంది?"

"ఏడాది దాటింది."

ఆమె పాత టైరు మీద కూలబడ్డది. పెదవులు కదిలినయి.

"నిరుడు జ్వరమొచ్చి పడుకున్ననాడు మంచినీళ్లియ్యమని ఎన్నిసార్లు పిలిచిన! నువ్వు వాకిట్ల కూసోని నా దిక్కు మళ్లి సుత చూడలే. నేను నీకు అక్కర లేదనుకున్న. గానాటి సంది నిన్ను పిలుసుడే బంద్ చేసిన."

ఒక్క మాట పోకుంట పెదవుల మీద చదువుకున్నడు జయానందం. క్యాన్ల నుంచి గిలాసెడు నీళ్లు పట్టి ఆమె చేతిల పెట్టిండు. ఆమె తాగలే. గిలాస పట్టుకొని గట్లనే కూసున్నది.