షిఫ్టు దిగని ఎమ్మెల్యే

మా ఎల్లన్న కాకకు ఒకటే పిచ్చి. ఎవరు ఏ పని వదిలి పక్కకు జరిగినా, తర్వాత వచ్చినవాళ్లకు షిఫ్టు అప్పజెప్పారా లేదా అని నిలదీస్తాడు. గోదావరిఖని బొగ్గుబాయిలో కార్మికుల భద్రత చూసుకునే సర్దారుగా చేసి రిటైరైన మనిషి. షిఫ్టు దిగే సర్దారు, ఎక్కడ పైకప్పు వదులుగా ఉందో, ఎక్కడ నీళ్లూరుతున్నాయో, ఏ పని సగంలో ఆగిందో వచ్చే సర్దారుకు చెప్పాకే పైకి రావాలి. కాక బాయి వదిలినా ఆ అలవాటు కాకను వదల్లేదు.

మా చిన్నమ్మ పొయ్యి మీద పప్పు పెట్టి స్నానానికి పోవాలన్నా కాకకు అప్పజెప్పి పోవాల్సిందే. కాక కూతురు, మా చెల్లెలు దీప పెళ్లిలో అందరూ కళ్లు తుడుచుకుంటుంటే, కాక పెళ్లికొడుకును పక్కకు లాక్కెళ్లాడు. "అల్లుడా, పిల్ల పొద్దున చాయ్ తాగేదాక ఏం మాట్లాడకు. మేమందరం దెబ్బ తిన్నోళ్లమే" అని చెప్పాడు. తన కాపురం ఆ ఒక్క మాట మీదే నిలబడిందని మా బావ ఇప్పటికీ అంటాడు.

ఇంటివరకైతే సరే. మొన్నటి ఎన్నికల్లో మా ఎమ్మెల్యే లింగమూర్తి ఓడిపోయి వేణుమాధవ్ గెలిచాడు. ఊరేగింపు చౌరస్తాకు రాగానే కాక జీపుకు అడ్డంగా నిలబడి, లింగమూర్తి సారు షిఫ్టు అప్పజెప్పాడా అని కొత్త ఎమ్మెల్యేను అడిగాడు. ఆయనకేమీ అర్థం కాలేదు, తన మెళ్లో దండ తీసి కాక మెళ్లో వేశాడు. కాక ఆ దండతోనే నేరుగా ఓడిపోయినాయన ఇంటికి పోయాడు.

దవాఖాన ముందు బస్సు షెల్టర్ కట్టిస్తానని లింగమూర్తి మాటిచ్చాడు. నాలుగు ఇనుప స్తంభాలు లేచాయి, పైన రేకులు పడలేదు. మా ఎండల్లో రోగులు ఆ స్తంభాల సన్నటి నీడలో ఒకరి వెనక ఒకరు నిలబడతారు.

"ఓడిపోయినోణ్ణి నన్నెందుకు అడుగుతవు ఎల్లన్నా?" అన్నాడట లింగమూర్తి.

"ఓడిపోయిండ్రు గని డ్యూటీ దిగలేదు సార్. అప్పజెప్పేదాక షిఫ్టు మీదే."

ఇక ప్రతి సోమవారం కాక అక్కడ హాజరు. ఈయన రేకులేవని అడగడం, ఆయన కసురుకోవడం, చివరికి ఇద్దరూ చాయ్ తాగడం. పడ్డవాణ్ణి ఇంకా పొడుస్తున్నాడని కాలనీ అంతా తిట్టింది. చిన్నమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. నాకూ ఒళ్లు మండింది.

ఒక సోమవారం కాకకు జ్వరమొస్తే నన్ను పంపాడు. ఒకప్పుడు చెప్పులు విడవడానికి చోటుండని ఆ వరండాలో రెండే కుర్చీలున్నాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో లింగమూర్తి గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. నన్ను చూడగానే మొహం వాడిపోయింది. ఎల్లన్నకు పానం బాగలేదా అని కంగారుగా లేచాడు. మిగతా రోజుల్లో గడ్డం కూడా గీసుకోడని, ఈ ఒక్కరోజే పొద్దున్నే తయారవుతాడని ఆయన భార్య మెల్లగా చెప్పింది.

ఇంటికొచ్చి కాకను నిలదీశాను. ఆయన దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"గెలిచినాయన ఇంటికి ఊరంత పోతది. ఈయన దగ్గరికి ఎవలు పోతరురా? ఉత్తగ పోతే జాలిపడ్డననుకుంటడు. పని అడిగితే ఇంక ఎమ్మెల్యేనే అనుకుంటడు."

"మరి రేకులు?"

"రేకులు గూడ గావాలె."

జ్వరం తగ్గాక కాక, లింగమూర్తి కలిసి షిఫ్టు అప్పజెప్పడానికి వేణుమాధవ్ ఆఫీసుకు పోయారు. తనను ఓడించినవాడి గడప తొక్కడానికి లింగమూర్తి ఎంత దిగమింగుకున్నాడో. పని ఎందుకాగిందో, అందులో తన తప్పెంతో నిలబడి చెప్పాడు. ఏదైనా దాటేస్తాడేమోనని కాక పక్కనే చెవులు రిక్కించుకుని విన్నాడు. వేణుమాధవ్ లేచి ఆయనకు స్వయంగా కుర్చీ వేశాడు. ఎండలు ముదరకముందే రేకులు పడ్డాయి.

షెల్టర్ తెరిచిన రోజు అందరూ కొత్త ఎమ్మెల్యే చుట్టూ మూగితే, లింగమూర్తి కాకను పక్కకు పిలిచాడు. "అప్పజెప్పుడు అయిపోయింది. ఇంక సోమవారం రావు గదా?"

కాక షెల్టర్ నలుమూలలా చూశాడు. "షెల్టర్ల మంచినీళ్ల నల్ల గూడ పెట్టిస్తనన్నరు గద సార్."

ఆయన ఆ మాట ఎప్పుడన్నాడో నాకు గుర్తులేదు. ఆయనకూ గుర్తున్నట్టు లేదు. అయినా మొహమంతా నవ్వు పరుచుకుంది.

"యాదికొచ్చింది. జల్ది రా, చాయ్ పెట్టిస్త."