దారం తీసెయ్యమన్నందుకు

మొన్న ఇక్కడ హుజూర్‌నగర్‌లో మా పక్కింటివాళ్ళు కొత్త తలుపు నునుపు చేసుకుంటుంటే, గరుకు కాగితపు పట్టీ గిర్రున తిరిగే ఆ బెల్ట్ సాండింగు మిషను చప్పుడు వినగానే, దాన్ని మరీ అదిమి పడుతున్నారని గోడ ఇవతలి నుంచే నాకు తెలిసిపోయింది. చెబుదామని నోటిదాకా వచ్చింది కానీ, ఒకసారి అలా చెప్పి ఏం మూటగట్టుకున్నానో గుర్తొచ్చి ఊరుకున్నాను.

కొత్తకోటలో మా బాపు వడ్రంగి, ఇంటి ముందటి రేకుల కిందే పని. పదో తరగతితో నా చదువు ఆగిపోయాక, అన్న లారీ మీద తిరుగుతున్న రోజుల్లో, చేతికింద మనిషి లేక బాపు అలాంటి మిషనే నాకు అప్పజెప్పాడు. గాజులు తీసి, జడ ముడేసి, చున్నీ పక్కన పడేసి, మూతికి గుడ్డ కట్టుకున్నాకే దాని దగ్గరికి రానిచ్చేవాడు. చెక్కను బల్లకు బిగించకపోతే విసిరికొడుతుందని, మిషను తిరగడం మొదలయ్యాకే చెక్క మీద ఆనించాలని, పైకెత్తాకే ఆపాలని, చెక్కలోని నార వెంటే కదుపుతూ పోవాలని, ఒక్కచోట నిలిపితే గుంట పడుతుందని, అన్నీ ఓపిగ్గా నేర్పాడు. "దాని బరువే చాలు బిడ్డా, నువ్వెందుకు ఒత్తుతవ్?" అనేవాడు. పనయ్యాక టేకు పలక మీద అరచెయ్యి జారిస్తే కలిగే ఆ సుఖం, చేతిపనుల ఇళ్ళలో పెరిగినవాళ్ళకు వేరే చెప్పాలా? ఇదే నా బతుకుదెరువనుకున్నాను, పక్కనే నాకంటూ ఇంకో బల్ల వేసుకోవాలనుకున్నాను. బాపు కూడా వచ్చినవాళ్ళందరితో అదే చెప్పుకునేవాడు.

ఆ దసరాకు అన్న లారీ మానేసి ఇంటికొచ్చాడు. పనిముట్ల పూజనాడు మా అవ్వ, అంటే అమ్మ, మగవాళ్ళ ముంజేతులకు పసుపుదారం కడుతుంది. అది దానంతటదే తెగిపోవాలి కానీ తియ్యకూడదు. మర్నాడు ముంజేతికి వేలాడే ఆ దారంతోనే అన్న మిషను పట్టాడు.

"అన్నా, గా దారం తీసెయ్యి, బెల్టు గుంజుకుంటది."

"పూజదారం తియ్యమంటవా? వచ్చిందమ్మా మిషను మేడం!"

నా గాజులు తీయించిన బాపు అక్కడే ఉన్నాడు, ఆ దారం జోలికి మాత్రం పోలేదు.

రెప్పపాటులో దారం లోపలికి పోయింది, దాని వెంట చెయ్యి. వేళ్ళ మీది తోలు లేచిపోయింది. దవాఖాన నుంచి వచ్చేసరికి అవ్వ గడపలోనే అందుకుంది. "ఆడిపిల్ల ముట్టిన మిషనాయె, ఇంకేమైతది? దీని నోట్ల గా మాట రావాల్నా?"

బాపు నిజం చెబుతాడని ఆయన మొహమే చూశాను. ఆయన నేల చూస్తూ, "రేపటి సంది పని దిక్కు రాకు బిడ్డా" అన్నాడు.

అన్న చెయ్యి మానింది, మిషను అతనిదయింది. నేను పెళ్ళై ఇటొచ్చాను.

కాలం మారిందంటారు, నిజమే కాబోలు. ఎక్కడెక్కడి ఆడపిల్లలో మిషన్లు నడిపే వీడియోలు బాపే నాకు ఫోనుకు పంపిస్తుంటాడు. కిందటి వారం పంపినదానికి తన గొంతుతో ఒక మాట కూడా రికార్డు చేసి జోడించాడు: "చూడు బిడ్డా, గీ పిల్ల మిషను ఎంత మంచిగ పడుతాందో, ఒక్క గుంట లేదు."

మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాను. ఆ గొంతులో ఎక్కడా నేను లేను.