చెంబు మేస్త్రి నాలుగో పరీక్ష

చెంబు మేస్త్రి కళ్లతో చూసింది నమ్మడు, చెవులతో విన్నది నమ్మడు. నీళ్లు పోసి చూసిందే నమ్ముతాడు. కొత్త గొడుగు కొంటే కొట్టు ముందే విప్పి చెంబెడు నీళ్లు కుమ్మరించాడు. చెప్పుల కొట్టాయన అతను కనబడగానే షట్టరు సగం దించేస్తాడు. పెళ్లి కుదిరాక మామగారి డాబా ఎక్కి నీళ్లు పోసి చూశాడనీ, అది కారినా తనను చేసుకున్నాడనీ అతని భార్యే చెప్పి నవ్వుతుంది.

మూలింటి అక్కయ్య డాబాకు అతన్నే పిలిచారు. భర్త పోయిన ఈ ఏడాదిలో ఆమె తలెత్తి మనుషుల్నీ చూడలేదు, ఇంటి కప్పునూ చూడలేదు. వానలు దిగేలోగా కారడం ఆపి, గదులన్నిటికీ రంగు వేయించమంది, అంతే.

మేస్త్రి స్లాబు బీటలు చెక్కి పూడ్చాడు. నీరు దిగకుండా మందు రెండు పూతలు పూశాడు. తూము మూసి, చుట్టూ సిమెంటు గట్టు కట్టి, డాబా నిండా నీళ్లు నిలిపాడు. రెండు రోజులైనా చుక్క దిగలేదు. మళ్లీ నిలిపాడు. మూడోసారీ నిలిపాడు. చేపలు పెంచుతున్నావా అని ఎదురింటావిడ అడిగింది. పైగా ముందుగది కప్పుకు ఒక మూల రంగు తగలకుండా మూరెడు అట్ట అతికించి ఉంచాడు. అదేమిటంటే, ఇంకా నమ్మకం కుదరలేదనేవాడు.

నాలుగోసారి చెంబుతో వచ్చేసరికి అక్కయ్యకు ఓపిక చచ్చింది. వీధిలో నలుగురూ వింటుండగా అనేసింది.

"చేతకాకపోతే చెప్పు నాయనా. మగదిక్కు లేని ఇల్లని ఎన్నాళ్లు సాగదీస్తావు?"

మేస్త్రి మొహం వాడిపోయింది. చెంబులో నీళ్లు గుమ్మం పక్క మొక్కకు పోసి వెళ్లిపోయాడు.

మర్నాడే పెద్ద వాన. అతని పని బండారం చూద్దామని అక్కయ్య స్టూలెక్కి అట్ట పీకింది. దాని వెనక, కప్పు మీద పెన్సిలు గీతలు. కారిన మచ్చ చుట్టూ ఏటేటా పోయిన భర్త గీసినవి. పక్కన ఆయన రాత: "మొదటి ఏడు, అరచేతంత." "రెండో ఏడు, పళ్లెమంత." ఆఖరిది, "ఆమెకు చెప్పలేదు. చుక్కల కిందికి గిన్నె నేనే జరిపాను."

బయట హోరున కురుస్తున్నా ఆ అక్షరాల మీద చెమ్మ లేదు. ఆమెకు మాత్రం స్టూలు దిగడానికి కూడా సిగ్గేసింది.

వాన వెలిశాక మేస్త్రి ఇంటికి వెళ్లి తల వంచుకుని నిలబడింది. తప్పయిపోయిందనీ, నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకుంటాననీ చెప్పింది.

"ముందే ఒక్క ముక్క చెప్పకూడదూ?"

"చెమ్మ ఆగిందో లేదో తేలకుండా ఎలా చెప్పనమ్మా? మీరు చూసి మురిశాక మళ్లీ కారి ఆ రాత చెరిగితేనో?"

"ఇంత వానకీ చుక్క దిగలేదుగా."

"వానదేముందమ్మా, ఏటవాలుగా పడి పోతుంది," అన్నాడు మేస్త్రి అనుమానంగా.

ఈసారి చెంబు అక్కయ్యే నింపింది. వీధంతా చూస్తుండగా, తలెత్తుకుని, అతని వెనకే డాబా మెట్లెక్కింది.