నా హైవే మీద ఆమె

టౌన్ బస్సులో కూర్చున్నప్పుడల్లా బస్సు వెనక ఒక క్యారవాన్ తగిలించి ఉందని ఊహించుకోవడం నాకు అలవాటు. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే, వెనక అది ఎటు ఊగిందోనని నా ఒళ్ళు బిగుసుకుంటుంది. నిజానికి క్యారవాన్‌ను నేను కళ్ళారా చూసింది లేదు. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే ఇల్లు అది. లోపల మంచం, పొయ్యి అన్నీ ఉంటాయి. ఆస్ట్రేలియాలో వాటిని అద్దెకిచ్చే ఒక కంపెనీకి ఒర్లియంపేటలో, మా ఇంటికి దగ్గర్లోనే, మిద్దె మీద చిన్న ఆఫీసు ఉంది. నా ఉద్యోగం అక్కడ.

అద్దెకు తీసుకునేవాళ్ళ కోసం రోడ్ల గురించి నోట్స్ రాయడం నా పని. పశ్చిమ ఆస్ట్రేలియాలో స్పీడు బోర్డు మీద నూటపది అని ఉన్నా, వెనక క్యారవాన్ ఉంటే వంద దాటకూడదు. పక్కనున్న దక్షిణ ఆస్ట్రేలియాలో బోర్డు ఎంత చెబితే అంత. న్యూ సౌత్ వేల్స్‌లో బరువును బట్టి లెక్క మారుతుంది. అదే తారు, అదే ఎండ; సరిహద్దు దాటగానే కాలు కాస్త వెనక్కి తీయాలి. ఇంట్లో నవలలు చదివినంత ఇష్టంగా ఆఫీసులో ఈ నియమాలు చదివేదాన్ని. ఆ రోడ్లు నావే అనిపించేది.

ఫోన్లు ఎత్తేది నా పక్క సీటు అక్క. కోసపాళయం అమ్మాయి. మాలాగే వాళ్ళూ ఈ తమిళ ఊరికి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. నేనేమో ఫోన్ మోగితే చాలు, నీళ్ళ సీసా పట్టుకుని లేచిపోతాను. నేను రాసింది ఆమె చదివి చెప్పేది, అవతలివాళ్ళు ఆమెనే మెచ్చుకునేవాళ్ళు. నా కడుపుమంట అక్కడే మొదలైంది.

క్వీన్స్‌లాండ్ లోపలి హైవే ఒకదాని గురించి "రోడ్డు బాగుంది" అని రాశాను. దొరికిన ఫోటోలన్నీ చూసే రాశాను. ఒక్క గుంత లేదు. తవ్వి పూడ్చకుండా వదిలేసిన కాలువ లేదు, జనం పడకుండా అందులో గుచ్చిన చెట్టుకొమ్మ లేదు. విళుపురం రోడ్డు మీద ఎగిరిపడుతూ కాలేజీకి పోయివచ్చినదాన్ని, ఒక రోడ్డుకు ఇంకేం కావాలో నాకు తోచలేదు. కానీ ఆ దారిన పోయినవాళ్ళు వరసగా ఫోన్ చేసి అక్కను తిట్టారు. పైకి నున్నగా ఉన్నా రోడ్డు అలలు అలలుగా కుంగి ఉందట. కారులో ఏమీ తెలియదు గానీ, వెనక క్యారవాన్‌లో గిన్నెలన్నీ కింద పడుతున్నాయట. ఎదురుగా పెద్ద లారీ వస్తే, విరిగిన తారు అంచు దాటి మట్టిలోకి దిగాలట.

"ఏమే, నువ్వు బాగుందని రాస్తివి, వాళ్ళు నన్ను పట్టుకోని ఏకుతా ఉండారు," అంది అక్క నవ్వుతూ. "మన ఊరి కండ్లతో చూస్తే ఏ రోడ్డయినా బాగుండేదే గదా!"

ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఎవరో ఒకరు పోయి, ఆ బండిలో కూర్చుని చూసి రావాలని మేనేజరు నిర్ణయించాడు. క్వీన్స్‌లాండ్ నుంచి పశ్చిమ ఆస్ట్రేలియా దాకా ప్రయాణం. నాకు పాస్‌పోర్టు ఉంది, అక్కకు లేదు. ఆ ఒక్క ఆశతో మీటింగులో కూర్చున్నాను. ఎవరు పోతారని ఆయన తమిళంలో అడిగాడు. నా చేతులు ఒళ్ళో నుంచి లేవలేదు.

"నేను పోతా సార్. తిట్లు తినింది నేనే గదా," అంది అక్క.

పాస్‌పోర్టు తొందరగానే వచ్చేసింది.

దారి పొడుగునా నాకు వాయిస్ మెసేజ్‌లు పంపేది. "పాపా, బార్డర్ దాటేసినాం. నాతో వచ్చిన కంపెనీ ఆయన నూటపదిలో తోల్తా ఉంటే, వంద దాటగూడదు అని చెప్పినా. తెలిసినదానివే అని మెచ్చుకున్నాడు!" ఆ వంద నాది. ఒక ఫోటోలో క్యారవాన్ మెట్టు మీద కూర్చుని టీ తాగుతోంది. వెనక రోడ్డును పెద్దది చేసి చూడబోతే ఆమె భుజం అడ్డం వచ్చింది. మా అమ్మ తొంగి చూసి, "ఏం ధైర్యం ఆ పిల్లకి! నువ్వుండావు, ముంగిలాగా," అంది.

తిరిగి వచ్చాక అక్క నా నోట్స్ తీసేసి కొత్తగా రాసింది. తప్పులు వెతకడానికే చదివాను. "ఇక్కడ స్టీరింగ్‌ను నమ్మకండి, అద్దంలోకి చూడండి. రోడ్డు ఎలా ఉందో వెనక వచ్చే ఇల్లు చెబుతుంది" అని ఉంది. మళ్ళీ చదివాను. అలాంటి వాక్యం నేను రాయాల్సింది. మాట్లాడటం ఆమెకు వచ్చు, సరే. రాయడం కూడానా? ఒక కామా తప్పిపోయి ఉంటే పెట్టాను. అంతకుమించి చేయడానికి ఏమీ దొరకలేదు.

సాయంత్రం కుర్చీ నా పక్కకు లాక్కుంది. "చదివినావా? సార్‌తో మాట్లాడేసినా. రేపట్నించి రోడ్లు నేను రాస్తా, ఫోన్లు నువ్వు ఎత్తు."

"నాకు మాట్లాడను రాదక్కా," అన్నాను.

"నాకు మాత్రం ముందే రాసేది వచ్చునా ఏంది?" అంటూ మెడలోని హెడ్‌సెట్ తీసి నా చేతిలో పెట్టింది. "చెవులకు కొంచెం బిగుతుగా ఉంటాది. రెండు దినాల్లో అలవాటైపోతాది లే."