రిజిస్టరులో రెండో చేతిరాత

పదమూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువంటే బరువే. కానీ దాన్ని మోసినందుకు నాకు శాలువాలు కప్పారు, ప్రమోషన్ ఇచ్చారు, విదేశీ సభల్లో ముందు వరసలో కూర్చోబెట్టారు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల మధ్యలో బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో చేరాను. వాతావరణ నమూనాలు తయారుచేయడం నా పని. అంటే నేలను గళ్ళు గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో ఎంత వాన పడుతుందో కంప్యూటరు చేత లెక్క కట్టించడం. ఆ లెక్కను నమ్మాలంటే ముందు అది గడిచిపోయిన ఏళ్ళ వానను సరిగ్గా చెప్పాలి. ఆ పాత వానలు ఎక్కడుంటాయి? ఊళ్ళలో, రిజిస్టర్లలో. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఎవరో ఒకరు వానమాపకంలో పడిన నీళ్ళను కొలత గీతలున్న గాజులో పోసి, చూసి, రాయాలి.

హొసకోటె అవతల ఒక పల్లెలో ఆ పని చేసేవారు వెంకటరమణప్ప మాస్టారు, బడి నుంచి రిటైరైన తెలుగాయన. కాలు విరిగి ఆయన మంచాన పడ్డప్పుడు రెండేళ్ళపాటు ఆయన భార్య రుక్మిణమ్మ గారు కొలిచారు. ఎలా కొలవాలో మాస్టారే నేర్పారు. రిజిస్టరులో ఆ రెండేళ్ళ అంకెలు గుండ్రంగా, వేరుగా కనిపిస్తాయి.

నా నమూనా ఆ పల్లె ఉన్న గడిలో వాన తక్కువ అంటుంది. రిజిస్టరు ఎక్కువ అంటుంది. ఆ రెండేళ్ళూ మరీ ఎక్కువ. చూద్దామని వెళ్ళాను. మాస్టారికి ఇంకా నడక రాలేదు. ఆ పొద్దున ఆమె కొలుస్తుంటే పక్కనే నిలబడ్డాను. గాజును సరిగ్గా కంటి ఎత్తున పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూశారు. ఆమె చెప్పిన అంకె, నేను చూసిన అంకె ఒకటే. అంతటితో ఊరుకోకుండా తాలూకా ఆఫీసులో చెరువు కాగితాలు కూడా తిరగేశాను. ఆ రెండేళ్ళూ ఊరి చెరువు అలుగు పారింది. వాన లేకుండా చెరువు నిండుతుందా? తప్పు నా నమూనాదేనని నాకు ఆ వారమే తెలుసు.

తెలిసి ఏం చేశాను? సరిదిద్దాలంటే మళ్ళీ ఏడాది పని. వ్యాసం అప్పటికే రాసేశాను. ఆ ఒక్క కేంద్రాన్ని తీసేస్తే లెక్కలన్నీ ముచ్చటగా కుదిరిపోయాయి. తీసేసినందుకు కారణం చూపించాలి కదా. చూపించాను: నియమించిన మనిషి కాక వేరొకరు రాశారు, అంకెలు నమ్మదగినవి కావు. అబ్బో, ఎంత తేలిగ్గా దొరికింది సాకు! ఆ రెండో చేతిరాత ఏ హెడ్మాస్టరుదో అయ్యుంటే, ఇంగ్లీషులో నాకు ఉత్తరం రాయగలిగిన మనిషిదై ఉంటే, అంత ధైర్యంగా ఆ మాట రాసేవాణ్ణా? రాసేవాణ్ణి కాదు.

వ్యాసం అచ్చయింది. ఒక కాపీ వానమాపకాల సంగతి చూసే ఆఫీసుకు వెళ్ళింది. వాళ్ళు మాస్టారి పెరట్లోంచి మాపకాన్ని పీకేసి, ఎందుకో చెబుతూ ఉత్తరం పంపారు. ఒక మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ బస్సెక్కి నా గదికి వచ్చారు. మాస్టారు కుంటుతూ వచ్చి, ఆ ఉత్తరం నా బల్లమీద పెట్టారు.

"సార్, ముప్పై ఏండ్లు ఒక్క దినం తప్పకుండా రాసినాము. మా ఇంటామె తప్పు రాసిందా? ఆ ఒక్క మాట చెప్పండప్పా."

నేను ఫైళ్ళు సర్దుతూ, "రూల్ ప్రకారం మీరే రాయాలి కదా మాస్టారూ," అన్నాను.

ఆయన భార్య వైపు తిరిగారు. "చూస్తివా? నా మర్యాదంతా మట్టిలో కలిపేస్తివి. వాన జాస్తి రాస్తే సర్కారోళ్ళు మెచ్చుకుంటారనుకుంటివా?"

ఆమె నన్నే చూశారు. "గాజులో ఎంతుండాదో అంతే రాస్తినప్పా. మీరూ పక్కన నిలబడి చూస్తిరి కదా."

మీటింగు ఉందని లేచాను.

ఆ తర్వాత నా దశ తిరిగింది. తూర్పు తాలూకాలకు వాన తక్కువని చెప్పే మ్యాపులన్నీ నా గళ్ళను చూసే గీశారు. నా వ్యాసాన్ని ఎవరెవరు ఉటంకించారో నాకు నోటికొచ్చు. సిగ్గులేని మనిషికి అలాంటివే గుర్తుంటాయి.

ఏళ్ళు గడిచాయి. బెంగళూరులోనే మహదేవపురలో ఇల్లు కొనుక్కున్నాను. సంస్థలో కొత్తగా చేరిన ఒకావిడ ఇంకా చిన్న గళ్ళతో నమూనా తయారుచేసింది. నా నమూనాకు కనపడని సాయంత్రపు వానలు హొసకోటె వైపు అందులో స్పష్టంగా వచ్చాయి. అక్కడ పాత కొలతలేమైనా ఉన్నాయా అని సెమినారులో అడిగింది. అందరూ నా వైపు చూశారు. "ఉన్నాయి గానీ పనికిరావు," అన్నాను. మొదటిసారి భయపడ్డాననుకోండి, ఉద్యోగం కొత్త. మరి ఈసారి దేనికి? పెద్దరికం పోతుందని. ఇంకేం లేదు.

ఆ ఆదివారం పల్లెకు వెళ్ళాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు. రుక్మిణమ్మ గారు పోయి రెండేళ్ళయిందట. నా గదినుంచి వెళ్ళిన రోజు నుంచి ఆమె మళ్ళీ కలం ముట్టలేదట. చెల్లెలికి ఉత్తరం రాయాలన్నా పక్కింటివాళ్ళ చేత రాయించేవారట. తప్పు చేసింది కదా, సిగ్గుపడింది పాపం అన్నారాయన, కోపమంతా ఎప్పుడో చల్లారిపోయిన గొంతుతో. నేను చెప్పడానికే వెళ్ళాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. ఛీ, నేనూ ఒక మనిషినేనా!

ఇప్పుడు మాస్టారూ లేరు. క్షమించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఉన్నా ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను? మీరూ క్షమించకండి, అందుకోసం చెప్పలేదు. ఒక్క సంగతి మాత్రం ఎవరో ఒకరు చదవాలి. రుక్మిణమ్మ గారు ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు. తప్పు లెక్క నాది. తెలిసే ఆమె నెత్తిన రుద్దాను. ఇదిగో, రాసేశాను. కాస్త ఊపిరాడుతోంది, అంతే.