గుడ్డు వద్దన్న కేకు

నేను పిరికిదాన్ని. ఈ మాట మొదటే చెప్పేస్తే మంచిది. లేకపోతే ఇన్నేళ్ళుగా కేకులు చేస్తున్న మనిషి కదా, గుండెనిబ్బరం గలదేమో అనుకుంటారు. ఇప్పటికీ ఓవెన్ తలుపు మూసిన ప్రతిసారీ లోపల ఏమవుతుందోనని నాకు భయం. కూరైతే మూత తీసి చూడొచ్చు, ఉప్పు తక్కువైతే వేయొచ్చు, నీళ్ళెక్కువైతే ఇగరబెట్టొచ్చు. కేకుకు అవేమీ కుదరవు. తలుపు వేశాక చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అయినా ఈ పని లేకుండా ఉండలేను. ఇదేం పిచ్చో నాకే తెలియదు.

మాది మంచాల వైపు ఊరు. చిన్నప్పుడు బడి సెలవుల్లో బాపు నన్ను బస్సులో ఇబ్రహీంపట్నం తీసుకొచ్చేవాడు. సంచిలో మైదా, చక్కెర, డాల్డా ఉండేవి. మన సామాను మనం ఇస్తే తమ భట్టీలో బిస్కెట్లు కాల్చి ఇచ్చే బేకరీ ఒకటి అప్పట్లో ఉండేది. బాపు ముందు బల్ల మీద కూర్చుని ఎవరితోనో వానల గురించి మాట్లాడుతుంటే నేను వెనక గదిలో దూరేదాన్ని. అక్కడ గోడలో నల్లటి నోరు, దాని లోపల ఎర్రటి నిప్పు. భట్టీ దగ్గరి మనిషి పొడుగాటి కట్టె తెడ్డుతో రేకుల్ని లోపలికి తోసేవాడు. దగ్గరికి రావద్దు, మొహం కాలుతుందని అరిచేవాడు. నేను భయంతో గోడకు అతుక్కుపోయేదాన్ని, కానీ కళ్ళు తిప్పేదాన్ని కాదు. తెల్లగా లోపలికి పోయిన ముద్దలు గోధుమరంగులో ఘుమఘుమలాడుతూ బయటికి వచ్చేసరికి ఎందుకో ఏడుపొచ్చేది. వచ్చేటప్పుడు బస్సులో ఆ వెచ్చటి డబ్బా నా ఒళ్ళోనే ఉండాలి. బాపునైనా ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

మా అమ్మ వంటింట్లోకి గుడ్డు రానిచ్చేది కాదు. అందుకని నేను గుడ్డు లేని కేకే ముందు నేర్చుకున్నాను, పెరుగూ సోడా కలిపి, కుక్కర్లో ఇసుక పోసి. పెళ్ళై ఇబ్రహీంపట్నం వచ్చాక గుడ్డు పట్టుకోవడం అలవాటైంది, ఓవెన్ వచ్చింది, అడిగినవాళ్ళకు చేసి ఇవ్వడం మొదలైంది. మా వీధిలో నాకు పేరు లేదు, కేకు అక్కనే. ఆ పిలుపు విన్నప్పుడల్లా లోపల ఎంత పొంగిపోయేదాన్నో పైకి చెప్పేదాన్ని కాదు. ఇంట్లో మిగతావన్నీ ఎవరివో ఒకరివి. వంట మా ఆయన రుచికి, టీవీ పిల్లల ఇష్టానికి. ఆ ఓవెన్ ముందు కూర్చున్న గంట మాత్రం నాది.

గుడ్డు వేసేవాటికీ వేయనివాటికీ నా దగ్గర గిన్నెలు వేరు, గరిటెలు వేరు. ఎర్ర పిడివి గుడ్డుకు, పచ్చ పిడివి గుడ్డు లేనివాటికి. మా దగ్గర శనివారం తిననివాళ్ళుంటారు, సోమవారం తిననివాళ్ళుంటారు, మాల వేసుకున్నవాళ్ళుంటారు, శ్రావణం, కార్తీకం పాటించేవాళ్ళుంటారు. గుడ్డు వద్దంటే వద్దని రాసుకోవడమే. ఎందుకని అడగడం మర్యాద కాదు. అది వాళ్ళకూ వాళ్ళ దేవుడికీ మధ్య సంగతి.

ఇక్కడే నా బుద్ధి తక్కువతనం ఉంది. దేవుడి సంగతే కదా అని నాలో ఒక ధీమా ఉండేది. ఎప్పుడైనా తొందరలో ఎర్ర గరిటె పచ్చ గిన్నెకు తగిలితే, చప్పున రెండు చెంపలూ వేసుకుని, తప్పైంది స్వామీ అనేసి పని కానిచ్చేదాన్ని. తెలియక జరిగింది, ఆయన మన్నించడా? ఏడాదికి ఒకటి రెండుసార్లు జరిగి ఉంటుంది, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు.

ఒక కార్తీకంలో కొంగరకలాన్ వైపు కొత్త ప్లాట్లలో ఇల్లు కట్టుకున్న ఒకామె ఫోన్ చేసింది. ఎవరి దగ్గరో తిని నా నంబరు తీసుకుందట. కూతురికి ఐదు నిండుతున్నాయి, కేకు కావాలి, గుడ్డు మాత్రం అస్సలు ఉండొద్దంది. ఇల్లు ఎక్కడో ఫోన్లో పంపింది. కార్తీకం కదా అనుకుని రాసుకున్నాను.

అదే రోజు ఒక చర్చి వాళ్ళకు గుడ్డు కేకు ఉంది. పొద్దున దాని పిండి కలిపి టిన్నులో పోశాను. పక్కనే ఈ రెండోది మొదలుపెట్టాను. పెరుగులో సోడా వేస్తే బుసబుసా పొంగింది. ఆ పిండి ఆగదు, కలిపిన వెంటనే ఓవెన్లో పెట్టాలి, లేకపోతే చప్పబడి రాయిలా అవుతుంది. గిన్నె అంచులు గీకి టిన్నులో వంచాను. అప్పుడు చూశాను, చేతిలో ఉన్నది ఎర్ర గరిటె. పిడి దగ్గర పచ్చసొన కలిసిన పిండి ఇంకా అంటుకుని ఉంది.

మళ్ళీ చేయడానికి ఇంట్లో పెరుగు లేదు. పోయి తేవచ్చు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు నేను పోలేదు. చెంపలేసుకున్నాను, టిన్ను లోపల పెట్టాను, తలుపు మూశాను.

సాయంత్రం నాలుగింటికి ఆమె స్కూటీ మీద పిల్లను ముందు నిలబెట్టుకుని వచ్చింది. మెరిసే నీలం గౌను, రెండు జడలు, నోరు మూతపడని పిల్ల. ఇంట్లోకి వస్తూనే బల్ల మీదున్న చర్చి వాళ్ళ కేకు దగ్గరికి వెళ్ళి క్రీమ్ మీద వేలు పెట్టబోయింది. తల్లి ఒక్క ఉదుటున ఆ చేయి పట్టి లాగింది. ఎంత గట్టిగా అంటే పిల్ల మణికట్టు ఎర్రబడింది. ఇంత చిన్నదానికి అంత కోపమా అని నేను ముఖం చిట్లించాను.

"కోపం కాదక్కా, భయం," అంది ఆమె. "దీనికి గుడ్డు పడదు. పోయినేడు ఒక పెండ్లిల జర్రంత ముట్టింది. గొంతు వాచి ఊపిరాడలే. దవాఖానకు పోయేదాక దక్కుతదో లేదో అన్నట్టే ఉండె."

అప్పుడు నేను కేకు పెట్టెకు రిబ్బన్ కడుతున్నాను. అవునా చెల్లె అన్నాను. నా గొంతు మామూలుగానే పలికింది. చేతులు ముడి వేశాయి, ముడి మీద పువ్వు కట్టాయి. పైప్రాణాలు పైనే పోయాయి, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. చెప్పు, చెప్పు అని నాకు నేనే అనుకుంటున్నాను. చెబితే? గుడ్డు కలిసిందట, తెలిసీ ఇచ్చిందట అని రేపు బస్టాండు దాకా మాట పాకుతుంది. మాల వేసుకున్నవాళ్ళు, శనివారం వాళ్ళు, అందరూ నన్ను ఏమంటారు? సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక పిల్ల ప్రాణం ఎదురుగా నిలబడి ఉంటే నేను నా పేరు గురించి ఆలోచించాను.

ఇంటికి పోగానే కోస్తాం, పిల్లలందరూ వచ్చేశారు అంటూ ఆమె బండి తిప్పింది. పిల్ల నాకు చేయి ఊపింది. స్కూటీ మలుపు తిరిగింది.

అప్పుడు కదిలాయి నా కాళ్ళు. ఫోన్ చేశాను, మోగి మోగి ఆగింది. బండి మీద ఉంది, ఎట్లా ఎత్తుతుంది? కోయొద్దు, పిల్లకు పెట్టొద్దు అని మెసేజ్ పెట్టాను. ఆమె చూసినట్టు టిక్కులు పడలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తి, దొరికిన ఆటో ఎక్కి ఫోన్లో దారి చూపించాను. జర జల్ది పోనీ అన్నా అంటుంటే మాట తడబడింది. దవాఖానకా అని అడిగాడతను. కాదు, పోనీ పోనీ అన్నాను.

ఆ దారి అంత పొడుగని నాకెప్పుడూ తెలియదు. లారీలు, ఫ్యాక్టరీ బస్సులు, ఆఫీసుల నుంచి వచ్చే కార్లు. ప్రతి నిమిషానికీ ఫోన్ చూస్తున్నాను. ఆ సన్నటి మెడ, రెండు జడల మధ్య ఆ గొంతు కళ్ళ ముందు నుంచి పోలేదు. దేవుడితో బేరమాడాను. ఆ పిల్లను కాపాడు, జన్మలో ఓవెన్ ముట్టనన్నాను. చెంపలేసుకోబోయి, చేతులు పైకెత్తి, ఆపేశాను. ఇది చెంపలేసుకుంటే పోయేది కాదు. ఆ పిల్ల గొంతుకు నా భక్తితో పనేముంది?

ఇల్లు దొరికింది. తలుపు మీద బెలూన్లు, లోపల పిల్లల అరుపులు. గుమ్మంలోంచే లోపలికి తొంగిచూశాను. బల్ల మీద నా పెట్టె ఉంది. రిబ్బన్ ఇంకా విప్పలేదు. వాళ్ళాయన దారిలో ఉన్నాడట, ఆయన కోసం ఆగారు.

నేను వెంటనే నిజం చెప్పాల్సింది. కానీ ఆ రిబ్బన్ చూడగానే నాలో ఇంకో బుద్ధి పుట్టింది. ఎవరూ ముట్టలేదు కదా. నిజం చెప్పే పనేముంది? క్రీమ్ పాడైనట్టుంది, వేరేది చేసి తెస్తానని ఆమెతో అనేశాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. చెమటలు, చెదిరిన జుట్టు, ఒక కాలికి ఒక జత చెప్పు, రెండో కాలికి ఇంకో జతది. ఆమె ముఖం జాలితో మెత్తబడింది.

"గింత దానికి ఉరికొచ్చినవా అక్కా? క్రీమ్ తీసేసి తింటం, ఏం కాదు. కూసో, నీళ్ళు తాగు," అంది.

నీళ్ళ గ్లాసు నా చేతిలో పెట్టింది. ఆ గ్లాసు పట్టుకుని ఇక నేను తప్పించుకోలేకపోయాను. గుడ్డు గరిటె తగిలిందని చెప్పాను. పొద్దున్నే నాకు తెలుసని కూడా చెప్పాను. గదిలో ఎవరో పెద్దావిడ నోటి మీద చేయి పెట్టుకుంది. పిల్ల తల్లి అరుస్తుందని, కొడుతుందని ఎదురుచూశాను. ఆమె పెట్టె తీసుకెళ్ళి బయట నీళ్ళ తొట్టి మీద పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, కూతురి చేతులు కూడా కడిగి నా దగ్గరికి వచ్చింది.

"నేను చెప్పంగ విన్నవ్. విన్నంక రిబ్బన్ కట్టినవ్," అంది మెల్లగా.

నేను తొట్టి దగ్గరికి నడిచాను. పెట్టె తీసుకుని వచ్చేశాను. వెనకాల ఆ పిల్ల, నా కేకు ఎటు తీసుకుపోతుందని ఏడుస్తూనే ఉంది.

ఆ తర్వాత ఓవెన్ మీద పాత దుప్పటి కప్పాను. అడిగినవాళ్ళకు చెడిపోయిందని చెప్పాను. నిజానికి పిండి జల్లెడ పట్టబోయి మళ్ళీ డబ్బాలో పోసేసేదాన్ని. మా ఆయన కొన్నాళ్ళు చూసి, ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాడు. ఏమీ కాలేదు, నిజమే. నిద్రలో మాత్రం రోజూ అయ్యేది. సందులో ఎవరింట్లోనైనా వనిల్లా వాసన వస్తే కిటికీ మూసేదాన్ని. మూశాక అక్కడే నిలబడి ఏడ్చేదాన్ని. భయపడుతూ చేసిన రోజులకంటే భయమే మిగిలి పని పోయిన రోజులు ఘోరంగా ఉన్నాయి.

ఎండలు ముదిరాక ఒకరోజు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. ఆమె, ఆమె కూతురు. ఆమె చేతిలో పెద్ద సంచి. తిట్టడానికి ఇన్నాళ్ళకు వచ్చిందనుకుంటూనే గేటు తీశాను. ఆమె లోపలికి వచ్చి సంచి విప్పింది. కొత్త గిన్నె, కొత్త టిన్ను, కొత్త గరిటె, మైదా, పెరుగు. చివరికి తుడిచే గుడ్డ కూడా. పిల్ల కేకు కేకు అని ప్రాణం తీస్తోందట.

ఎక్కడా దొరకలేదా అని అడిగాను.

"ఎవలనడిగినా గుడ్డు తగల్లే, ఫికర్ చెయ్యకు అనే అంటరు. ఎట్ల నమ్మాలె? నువ్వొక్కదానివే తగిలిందన్నవ్," అంది. మైదా పొట్లం బల్ల మీద పెట్టి, "నమ్మి రాలే అక్కా. ఈడ కూసుంట. నువ్వు చెయ్, నేను చూస్త," అంది.

దుప్పటి తీశాను. ఓవెన్ లోపల, బయట రెండుసార్లు కడిగాను. బల్ల కడిగాను, మోచేతుల దాకా నా చేతులు కడుక్కున్నాను. ఆమె స్టూలు మీద కూర్చుని నా వేళ్ళనే చూసింది. పెరుగులో సోడా వేస్తే బుసబుసమంది. పిల్ల చప్పట్లు కొట్టింది. నేను చప్పున పిండి కలిపి టిన్నులో వంచాను. తలుపు మూశాక ముగ్గురం ఆ అద్దం ముందు కూర్చున్నాం. అందులో మెల్లగా లేస్తున్న ఆ కేకును చూస్తుంటే, భట్టీ ముందు గోడకు అతుక్కున్న నా చిన్నతనం గుర్తొచ్చింది. అప్పుడు నా మొహం కాలుతుందనే భయం ఒక్కటే.

చల్లారాక ఆమె సంచిలోంచి పిల్లకు ఊపిరాడకపోతే ఇచ్చే మందు తీసి బల్ల మీద పెట్టింది. చిటికెడు ముక్క పిల్ల నోట్లో పెట్టింది. పావుగంట చూద్దామంది. పిల్ల మింగి, నేల మీద కూర్చుని తల్లి తెచ్చిన కొత్త గిన్నె, గరిటెతో ఆడుకోవడం మొదలుపెట్టింది. మేమిద్దరం ఒకసారి గోడ గడియారాన్ని, ఒకసారి ఆ గొంతును చూస్తూ కూర్చున్నాం. పిల్ల దగ్గితే ఇద్దరం ఒకేసారి లేచాం. పిల్ల తలెత్తింది.

"ఎందుకట్ల చూస్తున్నరు నన్ను?"

తల్లి నావైపు చూసింది, నువ్వే చెప్పు అన్నట్టు.

"భయమైతుంది బిడ్డా," అన్నాను.

"కేకు నువ్వే చేసినవ్ కదా. నీకెందుకు భయం?"

"నేనే చేసిన కదా బిడ్డా, గందుకే."

పిల్లకు అర్థం కాలేదు, మళ్ళీ గిన్నె, గరిటెతో ఆటలో పడింది. గడియారంలో పావుగంటకు ఇంకా ఆరు నిమిషాలున్నాయి.